తలకోనా, నాగలాపురమా, ఉబ్బలమడుగా, తుంబురు తీర్థమా? ఒక్కరోజు కోన నడకకు ఏది ఎంచుకోవాలి

తిరుపతి చుట్టుపక్కల కొండల్లో జలపాతాలకు కొదవ లేదు. శేషాచలం కొండల్లో కొన్ని, నగరి కొండల్లో కొన్ని, తమిళనాడు సరిహద్దు వెంబడి కొన్ని ఉన్నాయి. పొద్దున బయలుదేరి, అడవిలో నాలుగైదు గంటలు నడిచి, నీళ్లలో కాళ్లు పెట్టి, చీకటి పడేలోపు ఇంటికి చేరాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రాంతం మన దక్షిణాదిలో తక్కువ. చిక్కంతా ఎంపిక దగ్గరే వస్తుంది. ఫోన్‌లో ఫొటోలు చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి: పచ్చటి నీళ్లు, నల్లటి బండలు, పైనుంచి దూకే ధార. తీరా వెళ్లాక ఒకచోట మెట్ల దారి ఉంటుంది, ఇంకోచోట మెడలోతు మడుగు దాటాల్సి వస్తుంది, మరోచోట ఆ రోజు అసలు అడవిలోకే వదలరు.

అందుకే ఇక్కడ నాలుగు చోట్లను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. కొండలెక్కడం అలవాటైనవాళ్ల కోసం కాదు ఇది. వారానికి రెండు మూడు సార్లు వాకింగ్ చేసే మామూలు ఆరోగ్యవంతులు, స్నేహితులతోనో కుటుంబంతోనో ఒక రోజు గడపాలనుకునేవాళ్ల కోసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జలపాతం ఎంత ఎత్తన్నది ఎంపికకు పనికొచ్చే లెక్క కాదు. మీ గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరు, ఈత రానిది ఎవరు, వెళ్లేది ఏ నెలలో అన్న మూడు విషయాలు తేలితే చోటు దానంతట అదే తేలిపోతుంది.

## ముందుగా ఆలోచించాల్సినవి

దారి ఎలాంటిది? కోనల్లో కిలోమీటర్ల లెక్క మోసం చేస్తుంది. ఊళ్లో రోడ్డు మీద గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు ఏటి బండల మీద గంటకు రెండు నడిస్తే గొప్ప. దానికి కారణం ఈ కొండల రాయిలోనే ఉంది. ఇక్కడి పై పొరల్లో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జైట్. కోట్ల ఏళ్ల కిందటి ఇసుక గట్టిపడి రాయైంది. నీళ్లు కోస్తే నున్నగా అరిగే రకం కాదు, నిలువు పగుళ్ల వెంబడి దిమ్మెలు దిమ్మెలుగా విరిగిపడుతుంది. ఈ కోనల గోడలు అంత నిటారుగా ఉండటానికీ, ఏటి అడుగున ఎద్దుల బండి అంతటి బండలు పోగుపడి ఉండటానికీ అదే కారణం. తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్తూ కిటికీలోంచి చూసినా పొరలు పొరలుగా ఈ రాయి కనిపిస్తుంది. చూడటానికి ఎంత బాగుంటుందో, మోకాళ్లకు అంత పరీక్ష. ఒక బండ మీంచి ఇంకో బండ మీదకు అడుగు సాచడం, చేతులు ఆనించి దిగడం, కూర్చుని జారడం, రోజంతా ఇదే పని. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే కష్టం.

నీళ్లు ఎప్పుడుంటాయి? ఈ ప్రాంతానికి నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వాన ఇస్తాయి. పడమటి వైపున్న తలకోనకు సెప్టెంబర్ నుంచే కళ వస్తుంది. తూర్పున సముద్రానికి దగ్గరగా ఉన్న నాగలాపురం, ఉబ్బలమడుగు కొండలకు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే ఆ వైపు ఏరులన్నీ ఒక్క రాత్రిలో పొంగుతాయి. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచెత్తిన వానలకు శ్రీవారి మెట్టు దారి కూడా దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. కాబట్టి వాన పడుతున్న వారంలో కాదు, వాన ఆగి వారం పది రోజులయ్యాక వెళ్లాలి. నీళ్లు తేటపడి ఉంటాయి, ప్రవాహం జోరు తగ్గి ఉంటుంది, మడుగు అడుగు కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చాలా చోట్ల ధార సన్నబడి బండకు అంటుకుని కారుతుంది. ఆ ఎండలో బండలు కాలిపోతుంటాయి కూడా.

లోపలికి వదులుతారా? ఇదంతా అటవీ శాఖ ఆధీనంలోని అడవి. తలకోన ఉన్నది 1989లో ఏర్పడ్డ శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. శేషాచలం కొండలు 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయ్యాయి. పైగా ఎర్రచందనం పెరిగే అడవులు కావడంతో నిఘా గట్టిగా ఉంటుంది. అనుమతి లేకుండా లోపల తిరుగుతూ దొరికితే 'ట్రెక్కింగ్‌కి వచ్చాం సార్' అన్న మాట చెల్లదు. వానలప్పుడు, మంటల కాలంలో, ఏనుగులు తిరుగుతున్నప్పుడు దారులు మూసేస్తారు. కిందటి నెల ఎవరో వెళ్లొచ్చారు కదా అని ధీమాగా బయలుదేరొద్దు. స్థానిక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే బండి అయినా బుక్ చేయండి.

ఎవరెవరు వస్తున్నారు? పదేళ్ల పిల్లలు, అరవై దాటిన పెద్దవాళ్లు, ఈత రానివాళ్లు, ఎత్తంటే భయపడేవాళ్లు గుంపులో ఉన్నారా? ఉంటే వాళ్లకు సరిపోయే చోటే మొత్తం గుంపుకు సరిపోయే చోటు. 'వాళ్లు కింద కూర్చుంటారు, మనం పైకి వెళ్లొద్దాం' అనుకుంటే అలా కూర్చోవడానికి నీడ, నీళ్లు, నలుగురు మనుషులు ఉండే చోటు కావాలి. అన్నిచోట్లా అలా ఉండదు.

## ఒక చూపులో

| అంశం | తలకోన | నాగలాపురం | ఉబ్బలమడుగు | తుంబురు తీర్థం |
|---|---|---|---|---|
| ఎక్కడినుంచి ఎంత దూరం | తిరుపతి నుంచి దాదాపు 60 కి.మీ. | తిరుపతి, చెన్నై రెండింటికీ 70–80 కి.మీ. మధ్య | చెన్నై నుంచి దాదాపు 90 కి.మీ., తడ మీదుగా | తిరుమల పాపవినాశనం నుంచి నడక |
| నడక, రానూపోనూ | మీ ఇష్టం. కొద్ది దూరం నుంచి సగం రోజు దాకా | 10 కి.మీ.కు పైనే | 8–10 కి.మీ. | దాదాపు 14 కి.మీ. |
| దారి | కింద మెట్లు, పైన అడవి బాట | ఏటి బండలు, మడుగులు | ముందు బాట, తర్వాత బండలు | ఎగుడుదిగుడు కొండ బాట, చివర ఇరుకు లోయ |
| మంచి కాలం | సెప్టెంబర్–జనవరి | డిసెంబర్–ఫిబ్రవరి | డిసెంబర్–ఫిబ్రవరి | మార్చి–ఏప్రిల్‌లో వచ్చే ముక్కోటి రోజుల్లో మాత్రమే |
| ఈత అవసరమా | లేదు | పై మడుగులకు వచ్చి ఉండాలి | పైదాకా వెళ్తే మంచిది | లేదు |
| పిల్లలు, పెద్దవాళ్లు | హాయిగా | వద్దు | కింది భాగం వరకు | గట్టిగా నడవగలిగితేనే |

## తలకోన: అందరూ కలిసి వెళ్లదగ్గది

ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన జలపాతంగా పేరున్నది ఇదే, సుమారు 270 అడుగులు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా నేరబైలు దాటి వెళ్తే సిద్ధేశ్వరస్వామి గుడి వరకు వాహనం వెళ్తుంది. ఆర్టీసీ బస్సులూ ఉన్నాయి గానీ రోజుకు కొన్నే. సాయంత్రం తిరుగు బస్సు సమయం దిగగానే కండక్టర్‌ను అడిగి పెట్టుకోవడం మంచిది.

తలకోనలో నాకు నచ్చేది, రోజును మనకు కావాల్సినంతగా కుదించుకోవచ్చు, పొడిగించుకోవచ్చు. గుడి నుంచి జలపాతం అడుగు వరకు వెళ్లే దారిలో మెట్లున్నాయి, పెద్దవాళ్లు నెమ్మదిగా ఆగుతూ వెళ్లగలరు. అక్కడితో సరిపెట్టుకున్నా చూసింది తక్కువేం కాదు. ఓపికున్నవాళ్లు గైడును తీసుకుని అడవి బాటలో పైకి ఎక్కితే ధార మొదలయ్యే చోటికి చేరతారు. ఆ ఎక్కుడు నిటారుగానే ఉంటుంది గానీ ఎక్కువ భాగం చెట్ల నీడలో సాగుతుంది. దారిలో గిల్లతీగ చూడటం మరిచిపోవద్దు. మనిషి నడుమంత లావుతో ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదకు పాకుతూ పోతుంటుంది. దాని మొదలెక్కడో చివరెక్కడో వెతకడం పిల్లలకు మంచి ఆట. దాని కాయ మూరెడుకు మించి పొడవుంటుంది, లోపల గింజలు అరచేతిలో నున్నగా, నాణెం కంటే పెద్దగా ఉంటాయి. చూసి అక్కడే వదిలేయండి.

లోటు ఏమిటంటే రద్దీ. ఆదివారాలు, కార్తీక మాసం, శివరాత్రి రోజుల్లో జనం ఎక్కువ. నిశ్శబ్దం కోరుకునేవాళ్లకు నచ్చదు. మామూలు పనిదినంలో వెళితే అదే చోటు పూర్తిగా వేరుగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, జలపాతం కింది గుండంలోకి పైనుంచి దూకడం. నీళ్ల అడుగున బండలు ఎలా ఉన్నాయో పైనుంచి తెలియదు. ఇలా దూకి ప్రాణం పోగొట్టుకున్న కుర్రాళ్లున్నారు. రెండోది ఏనుగులు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అడవి దారిన తలకోనకు నడిచి వెళ్తున్న భక్తులపై ఓబులవారిపల్లె దగ్గర గుండాలకోనలో ఏనుగులు దాడి చేస్తే ముగ్గురు చనిపోయారు. తెల్లవారకముందు, పొద్దుగూకాక అడవి బాటలో ఉండకూడదు. దగ్గర దారి అని ఎవరైనా చెప్పినా గైడు లేకుండా అందులోకి దిగొద్దు.

## నాగలాపురం: నీళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లకు

నాలుగింట్లోకీ అందమైన నడక ఏదంటే నేను నాగలాపురమే అంటాను. కొండ అడుగున చిన్న ఆనకట్ట దాటగానే ఏరు పక్కన బాట మొదలవుతుంది. అరగంటలో బాట మాయమై ఏరే బాటవుతుంది. ఒక మడుగు, దాని పైన బండల మెట్టు, ఆ పైన ఇంకో మడుగు, ఇలా కోన లోపలికి వెళ్లే కొద్దీ గోడలు దగ్గరకొస్తాయి. జనవరిలో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే ఇరవై అడుగుల లోతు కూడా నడుములోతులా కనిపిస్తుంది.

ప్రమాదం కూడా అందులోనే ఉంది. లోతు తక్కువనుకుని దిగి మునిగిపోయినవాళ్ల వార్తలు ఈ చుట్టుపక్కల మడుగుల నుంచి ఏటా ఏదో ఒకటి వస్తూనే ఉంటాయి. చెరువులో, స్విమ్మింగ్ పూల్‌లో ఈత వేరు. ఇక్కడ నీళ్లు చల్లగా ఉంటాయి, నడిచి అలసిన పిక్కలు ఒక్కసారిగా పట్టేస్తాయి, ఒడ్డు బండ నిలువుగా, పాచిపట్టి ఉండటంతో చేతికి పట్టు దొరకదు. అందుకే ఇక్కడ నా సలహా కఠినంగానే ఉంటుంది. గుంపులో సగం మందికి ఈత రాకపోతే నాగలాపురం పై మడుగులు మీకు కావు. వచ్చినా లైఫ్ జాకెట్ మనిషికొకటి, గుంపుకు ఒక పొడవాటి తాడు ఉండాలి. ట్యూబులు, థర్మాకోల్ ముక్కలు నమ్ముకోవద్దు.

ఇక అనుమతి. మిగతా మూడింటితో పోలిస్తే ఇక్కడ ఏర్పాట్లు తక్కువ. అటవీ శాఖ రాకపోకలు ఆపేసిన సందర్భాలున్నాయి. వదులుతున్నారని తెలిస్తేనే, దారి తెలిసిన స్థానికుడిని వెంటబెట్టుకునే వెళ్లండి. బండల మధ్య దారి వానాకాలం వానాకాలానికి మారిపోతుంది. కిందటేడు ఎవరో ఫోన్‌లో నమోదు చేసిన దారి గుర్తులు ఈ ఏడాదికి పనికిరాకపోవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లు కూడా బయలుదేరతామంటే ఒక ఉపాయం ఉంది. నాగలాపురం ఊళ్లోనే వేదనారాయణస్వామి ఆలయం ఉంది. విష్ణుమూర్తి మత్స్యావతారంలో కొలువైన అరుదైన గుడి. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు మీద ఊరికి ఈ పేరు వచ్చింది. చెన్నై దారిలో కొద్దిదూరం వెళ్తే సురుటుపల్లిలో శివుడు పవళించి ఉన్న గుడి. పెద్దవాళ్లు ఈ రెండు దర్శనాలు చేసుకుని భోజనం చేసేలోపు నడకవాళ్లు తిరిగొస్తారు. కోన మొదట్లో వాళ్లను కూర్చోబెట్టి వెళ్లడం కంటే ఇది చాలా నయం.

## ఉబ్బలమడుగు: మధ్యే మార్గం

చెన్నైవాళ్లు తడ జలపాతం అంటారు, మనవైపు ఉబ్బలమడుగు. తడ నుంచి శ్రీసిటీ పక్కగా వరదయ్యపాళెం మీదుగా వెళ్లాలి. చెక్‌పోస్ట్ దగ్గర టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే ఏటి ఒడ్డున కూర్చుని తినడానికి, కాళ్లు తడుపుకోవడానికి చోటు ఉంటుంది. పిల్లలున్న కుటుంబాలు అక్కడే ఆగిపోవచ్చు, ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు. అక్కడి నుంచి సిద్ధులయ్యకోన వైపు బాట సాగుతుంది. శివరాత్రికి చుట్టుపక్కల పల్లెలవాళ్లంతా నడిచి వెళ్లే దారి అది.

మొదటి సగం తేలిక, రెండో సగం నాగలాపురం లాంటి బండల దారి. అయితే ఇక్కడ ఎక్కడికక్కడ వెనక్కి తిరిగే వీలుంది. ఎంత దూరం వెళ్తామో తెలియని గుంపుకు, మొదటిసారి బండల మీద నడవబోయేవాళ్లకు నేను దీన్నే చెబుతాను. బండల నడక తమకు సరిపడుతుందో లేదో ఇక్కడ తెలిశాక నాగలాపురం సంగతి ఆలోచించవచ్చు.

సొంత బండి లేనివాళ్లకు చెన్నై నుంచి సూళ్లూరుపేట వెళ్లే లోకల్ రైలు తడలో ఆగుతుంది. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. తిరిగి తీసుకెళ్లడానికి అదే ఆటోను రమ్మని చెప్పి నంబర్ తీసుకోండి, సాయంత్రం అక్కడ బళ్లు దొరకవు. ఇబ్బంది కలిగించేది చెత్త. బిర్యానీ డబ్బాలు, పగిలిన సీసాలు బండల మధ్య పడేసి పోతుంటారు కొందరు. చెప్పులు విప్పి నీళ్లలో నడిచే అలవాటు ఇక్కడ మానుకోండి, అరికాలు తెగితే ఆ రోజు నడక అక్కడితో సరి.

## తుంబురు తీర్థం: ఏడాదికి ఒక్కసారి తెరుచుకునే లోయ

మిగతా మూడూ జలపాతాల కోసం వెళ్లేవి. ఇది లోయ కోసం వెళ్లేది. తిరుమలలో పాపవినాశనం డ్యాం నుంచి ఏడు కిలోమీటర్ల దూరం. మీన మాసపు పౌర్ణమికి, అంటే మార్చి–ఏప్రిల్‌లో వచ్చే తుంబురు తీర్థ ముక్కోటికి మాత్రమే టీటీడీ భక్తులను వదులుతుంది. కొండను ఎవరో నిలువునా గొడ్డలితో చీల్చినట్టు రెండు గోడలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, వాటి మధ్య నీళ్లలో నడుచుకుంటూ లోపలికి వెళ్లాలి. తల పైకెత్తితే సన్నటి పట్టీలా ఆకాశం. భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ తపస్సు చేసిందని చెప్పే గుహ ఈ కోనలోనే ఉంది. ఒంటరిగా ఒక స్త్రీ అప్పట్లో ఈ అడవిలో ఏళ్ల తరబడి ఎలా ఉందా అన్న ఆలోచన అక్కడికి వెళ్లినవారిని వదలదు.

నడక పరంగా మెరుగైన విషయం, ఏర్పాట్లు. దారి పొడవునా సిబ్బంది, తాగునీళ్లు, అన్నప్రసాదం, వైద్య సహాయం ఉంటాయి. వేలమంది నడుస్తుంటారు కాబట్టి దారి తప్పే భయం లేదు. కానీ పద్నాలుగు కిలోమీటర్ల ఎగుడుదిగుడు, అదీ వేసవి మొదట్లో, తేలికనుకోవద్దు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు రావద్దని టీటీడీయే చెబుతుంది, ఆ మాట వినండి. బండలు దాటే ఇరుకు చోట్ల జనం వల్ల క్యూలు కడతాయి. తెల్లవారగానే పాపవినాశనంలో ఉండేవాళ్లకు, పదింటికి వచ్చేవాళ్లకు ఆ రోజు అనుభవం ఒకటి కాదు. నీళ్లు కూడా శీతాకాలమంత ఉండవు.

తేదీ మనం ఎంచుకునేది కాదు, నడక వేళల్ని ప్రతిసారీ టీటీడీ ప్రకటిస్తుంది. సెలవు దొరకాలి, తిరుమలలో గదో, తిరుపతిలో బసో ముందే చూసుకోవాలి. మిగతా రోజుల్లో 'లోపలికి తీసుకెళ్తాం' అని ఎవరైనా డబ్బులడిగితే దూరంగా ఉండండి, అది నేరం.

హైదరాబాద్‌వాళ్లు ఇలాంటిదే తమకు దగ్గరగా కావాలనుకుంటే నల్లమలలో సలేశ్వరం ఉంది. చైత్ర పౌర్ణమి జాతరకు కొన్ని రోజులు మాత్రమే అమ్రాబాద్ పులుల అడవిలోకి వదులుతారు. లోతైన లోయ, అడుగున జలధార, లింగమయ్య. అక్కడా ఎండే పెద్ద శత్రువు.

## మీరు ఏ రకం?

పిల్లలు, పెద్దవాళ్లు కలిసిన కుటుంబం: రెండో ఆలోచన లేకుండా తలకోన. నడకే వద్దు, జలపాతం చాలు అనుకుంటే నారాయణవనం దగ్గర కైలాసకోన ఇంకా తేలిక. మెట్లెక్కితే ధార కింద తల పెట్టొచ్చు, వేసవిలోనూ నీళ్లు పడుతూనే ఉంటాయి.

తిరుపతిలో చదువుకునే, ఉద్యోగం చేసే కుర్రకారు, చేతిలో బైకులు, సగం రోజు సమయం: వడమాలపేట దగ్గర సదాశివకోన చూడండి. పుత్తూరు రోడ్డు మీంచి లోపలికి వెళ్లి కొండెక్కాలి. శివాలయం, జలపాతం, ఒంటికి సరిపడా ఎక్కుడు. దూరం వెళ్లకుండా మీ దమ్ము ఎంతో తెలుస్తుంది.

మొదటిసారి ట్రెక్కింగ్‌కు వెళ్తున్న ఆఫీసు గుంపు: ఉబ్బలమడుగు. పదిహేను మందిలో ఐదుగురు మధ్యలో ఆగిపోతామంటారు, ఆగడానికి చోటుంది. నాగలాపురం పెట్టుకుంటే ఆ ఐదుగురి కోసం అందరూ టెన్షన్ పడాలి.

బాగా నడవగలరు, ఈత వచ్చు, నలుగురైదుగురే: డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి మధ్యలో, అనుమతి ఉంటే, నాగలాపురం. ఇంతకు మించిన రోజు దొరకదు.

దైవభక్తి, నడక రెండూ కావాలనుకునేవాళ్లు, ఒంటరిగా వచ్చేవాళ్లు, ఆడవాళ్ల గుంపులు: తుంబురు తీర్థం. ఒక్కరే అడవిలోకి వెళ్లడం మిగతా మూడు చోట్లా నేను వద్దనే అంటాను, ఇక్కడ మాత్రం తోడు దానంతట అదే దొరుకుతుంది.

మార్చి దాటాక మాత్రమే సెలవు దొరికేవాళ్లు: ముక్కోటి తేదీ కుదిరితే తుంబురు, లేదంటే కైలాసకోన. ఎండిన అడవిలో పెద్ద నడక పెట్టుకోవద్దు. 2014 మార్చిలో శేషాచలం కొండల్లో లేచిన మంటల్ని ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లిన గుంపు కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. వేసవిలో అటవీ శాఖ దారులు మూసేస్తే గొణగడానికి ఏమీ లేదు.

## చోటు ఖాయమయ్యాక

డిసెంబర్‌లో ఇక్కడ సూర్యుడు సాయంత్రం ఐదు ముప్పావుకే అస్తమిస్తాడు. కోన లోపల అంతకు గంట ముందే వెలుగు తగ్గిపోతుంది. కాబట్టి రోజును వెనక నుంచి లెక్కేయండి. నాలుగున్నరకు బండి దగ్గరుండాలంటే, తిరుగు నడకకు మూడు గంటలు పడుతుందనుకుంటే, ఒంటిగంటన్నరకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. 'ఇంకొక్క మడుగు చూసి వద్దాం' అన్న మాట అప్పుడు ఎవరన్నా వినకూడదు. పొద్దున ఏడుకు నడక మొదలుపెడితే ఈ లెక్కలన్నీ సులువవుతాయి.

బండ మీద అడుగు వేసేటప్పుడు రంగు చూడండి. తెల్లగా, గరుగ్గా ఉన్న బండ ఎండిందన్నమాట, షూ పట్టుకుంటుంది. నీటి అంచున నల్లగా, కాస్త మెరుస్తూ ఉన్నది పాచి. ఎండినట్టు కనిపించినా తడి షూ తగిలితే కాలు సర్రున జారుతుంది. ముందు బొటనవేలితో నొక్కి చూసి, తర్వాతే బరువు వేయాలి. కొత్త షూ వద్దు, అరిగిన అడుగు షూ అసలే వద్దు. తడిసినా ఫర్వాలేదనుకునే గట్టి గ్రిప్ ఉన్నవి కావాలి.

తేటగా పారే నీళ్లు ఉన్నట్టుండి కలక బారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, పైన ఎక్కడో వాన పడిందని అర్థం. మీ నెత్తిన ఎండ కాస్తుండవచ్చు గాక, ఆ క్షణమే ఏట్లోంచి బయటికొచ్చి ఎత్తైన గట్టు ఎక్కాలి. సామాను కోసం వెనక్కి వెళ్లొద్దు.

తిండికి పులిహోర మేలు, మధ్యాహ్నం దాకా పాడవదు. పెరుగన్నం తెచ్చుకుంటే పదకొండులోపే కానిచ్చేయండి. కోతులున్నచోట సంచి తెరిచి కింద పెట్టొద్దు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్రేప్ బ్యాండేజీ, టార్చ్ లైట్. ఫోన్ సిగ్నల్ కోన లోపల ఉండదు. ఎంతమంది వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో చెక్‌పోస్ట్‌లోనూ ఇంట్లోనూ చెప్పి వెళ్లండి.

చివరిది, వెళ్లాక మూసేసి ఉంటే? ప్రత్యామ్నాయం ఇంట్లోనే అనుకుని ఉంచుకోండి, గేటు దగ్గర గొడవపడి దొంగ దారి వెతికే పని ఉండదు. నాగలాపురం మూసి ఉంటే వేదనారాయణస్వామి దర్శనం చేసుకుని కైలాసకోనకు మళ్లొచ్చు. ఉబ్బలమడుగు మూసి ఉంటే తడ, సూళ్లూరుపేట వైపు తిరిగి పులికాట్ సరస్సుకు వెళ్లండి, శీతాకాలమైతే ఫ్లెమింగోలు ఉంటాయి. తలకోనలో జలపాతం దారి ఆపినా సిద్ధేశ్వరస్వామి గుడి, కింది ఏరు ఉంటాయి. తుంబురు ముక్కోటికి సమయం దాటిపోయి గేటు మూసేస్తే పాపవినాశనం, ఆకాశగంగ చూసుకుని దిగి రావచ్చు.